నలుగురి సంతకాల కాగితం

చుట్టాలొస్తే ఫిలడెల్ఫియా తీసుకెళ్లి, లిబర్టీ బెల్ దగ్గర ఫొటో తీసి, వచ్చేదారిలో ఎడిసన్‌లో బిర్యానీ తినిపించి ఇంటికి తేవడం మనకు అలవాటు. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఈమధ్య మాత్రం కారు ఆ ఊళ్లోనే ఉన్న జర్మన్‌టౌన్ అనే పేట వైపు కూడా తిప్పుతున్నాను, అక్కడ పుట్టిన ఒక కాగితం కోసం.

ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం ఒక బాకీ కింద పుట్టింది. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ఒక నౌకాదళ అధికారి కుటుంబానికి 16,000 పౌండ్లు ఇవ్వాలి. డబ్బుకు బదులు 1681లో అడవి రాసిచ్చాడు. దాన్ని పుచ్చుకున్నది ఆ అధికారి కొడుకు విలియం పెన్. ఆయన క్వేకర్, అంటే దేవుడి ముందు అందరూ సమానమనే ఒక క్రైస్తవ శాఖవాడు. మతం కోసం జైలుకెళ్లొచ్చిన మనిషి. మర్నాటి ఏడు ఆయన ఎక్కిన ఓడలో మశూచి సోకి ముప్పై మంది దాకా దారిలోనే పోయారు. తొలి రోజుల్లో వచ్చినవాళ్లు కొందరు డెలావేర్ నది ఒడ్డున గుహలు తవ్వుకుని తలదాచుకున్నారు.

ఇంతకీ ఇంగ్లండ్‌లో ఈ క్వేకర్లు చేసిన నేరం ఏమిటి? పెద్దల ముందు టోపీ తియ్యరు, కోర్టులో ప్రమాణం చెయ్యరు, ఎవరినైనా ఏకవచనంలోనే పిలుస్తారు. అప్పటి ఇంగ్లీషులోనూ మనలాగే ‘మీరు’, ‘నువ్వు’ వేరువేరుగా ఉండేవి. వీళ్లు జడ్జిని కూడా ‘నువ్వు’ అన్నారు. మా తాత పాలేరును ‘ఒరే’ అనేవాడు, పాలేరు ఆయన్ను ‘అయ్యా’ అనేవాడు. ఆ పాలేరు ఒక్కరోజు ‘నువ్వు’ అని ఉంటే ఏమయ్యేదో తెలుసు కాబట్టి, క్వేకర్లను జైల్లో ఎందుకు పెట్టారో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటివాళ్లు ఇక్కడికొచ్చి బానిసలను కొన్నారు. పెన్ కూడా కొన్నాడు.

1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు, పాస్టోరియస్, హెండ్రిక్స్, ఆప్ డెన్ గ్రేఫ్ అన్నదమ్ములిద్దరు, తోటి క్వేకర్లకు ఒక కాగితం రాశారు. ఇక్కడ మనసుకు స్వేచ్ఛ ఉంది, మంచిదే, మరి ఒంటికీ ఉండాలి కదా అన్నారు. ఈ బానిసలే తిరగబడితే, వాళ్లను పట్టి ఉంచడానికి మీకున్నంత హక్కు స్వేచ్ఛ కోసం పోరాడటానికి వాళ్లకు లేదా అని అడిగారు.

ఇక ఫైలు కదిలింది. క్వేకర్ల నెలవారీ మీటింగ్ ‘ఇది మాకు మించిన విషయం’ అని మూడు నెలలకోసారి జరిగే మీటింగ్‌కు పంపింది. అది బర్లింగ్టన్‌లో ఏడాదికోసారి జరిగే మీటింగ్‌కు పంపింది. అక్కడ తీర్పు చెప్పకుండా పక్కన పెట్టేశారు. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ కాదనలేదు. కాగితం మళ్లీ 1844లో గానీ బయటపడలేదు. బానిసలున్నవాళ్లకు మా సంఘంలో చోటు లేదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చింది 1776లో. మధ్యలో 88 ఏళ్లు.

‘ఆ కాలం అలాంటిదండీ’ అంటారు కొందరు మిత్రులు. ఆ నలుగురూ ఆ కాలం వాళ్లే కదా!

నాకు వాళ్ల మీద కంటే ఆ మీటింగుల మీదే ఎక్కువ ఆసక్తి. కారణం ఉంది. పోయినేడాది మన సంఘం కార్యవర్గ సమావేశంలో ఒకమ్మాయి లేచి, మన పత్రిక వధూవరుల పేజీలో కులం గడి ఎందుకని అడిగింది. మంచి ప్రశ్న అన్నాం, వచ్చే మీటింగ్‌లో చూద్దామన్నాం. నేనూ తలూపాను. ఆ తర్వాత మూడు మీటింగులు అయ్యాయి. ఈ సంచికలోనూ ఆ గడి ఉంది.