నేలకు అద్దె, గీతకు జరిమానా

అమెరికాలో కొన్ని పెద్ద నగరాల అద్దె ఒప్పందాల్లో ఒక షరతు కనిపిస్తుంది: నేలలో 80 శాతం తివాచీలతో కప్పి ఉంచాలి. ప్రకటనలో 'హార్డ్‌వుడ్ ఫ్లోర్లు', అంటే చెక్క నేల, అన్న మాట చూసి, అద్దె కాస్త ఎక్కువైనా పర్వాలేదనుకుని వచ్చినవాళ్లు సంతకం పెట్టే రోజున దీన్ని చదువుతారు. మనసుపడి తీసుకున్న నేలలో అయిదో వంతే కంటికి మిగులుతుంది.

షరతు పెట్టినవాళ్ల బాధా అర్థం చేసుకోదగిందే. చెక్క మీద అడుగు పడితే ఆ తాకిడి కింది ఇంటి పైకప్పులోకి నేరుగా దిగుతుంది. మెత్తటి తివాచీ దాన్ని పుట్టినచోటే మింగేస్తుంది. పైవాళ్లు అర్ధరాత్రి కుర్చీ జరిపితే ఉలిక్కిపడి లేచినవాళ్లెవరూ ఈ షరతును తప్పుపట్టరు. నా అభ్యంతరం వేరే. చెక్క నేల పేరు చెప్పి వసూలు చేసే అద్దెలో ఇంటి ఓనరుకు ఏం దక్కుతోంది, అద్దెకున్నవాళ్ల నెత్తిన ఏం పడుతోంది అన్న లెక్క ఎవరూ సరిగా వేయడం లేదు. అసలు చెక్కా, నకిలీదా అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. దానిమీద గీత పడితే డబ్బు ఎవరు కట్టాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. వృక్షశాస్త్రం ప్రకారం హార్డ్‌వుడ్ అంటే పూలు పూసే జాతుల చెట్ల కలప. గట్టిదనంతో దానికి సంబంధం లేదు. గోటితో నొక్కితే దిగిపోయే బాల్సా కూడా ఆ లెక్కన హార్డ్‌వుడ్డే. గట్టిదనాన్ని కొలవడానికి జాంకా పరీక్ష ఉంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం వరకు కలపలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. ఎర్ర ఓక్‌కు దాదాపు 1,290 పౌండ్ల బలం కావాలి, గట్టి మేపుల్‌కు 1,450. తెల్ల పైన్ 400 కూడా తట్టుకోదు. ప్రకటనలు రాసేవాళ్లకు ఈ గొడవేం పట్టదు. గోధుమ రంగులో గీతలు గీతలుగా ఉన్న ప్రతిదీ వాళ్లకు హార్డ్‌వుడ్డే.

ఆ గోధుమ రంగు కింద నాలుగు రకాలు దాగి ఉండొచ్చు. ఒకటి, పూర్తిగా ఒకే చెక్కతో చేసిన పలక. మందం మామూలుగా 19 మిల్లీమీటర్లు. రెండోది ఇంజినీర్డ్ వుడ్. పైన పల్చటి అసలు చెక్క పొర, కింద ప్లైవుడ్. మూడోది లామినేట్; నొక్కిన చెక్కపొడి పలక మీద చెక్క ఫొటో, ఆపైన గట్టి పారదర్శక పొర. 1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ కంపెనీ మొదలుపెట్టిన సరుకు ఇది. నాలుగోది వినైల్ ప్లాంక్, అంటే ప్లాస్టిక్కే.

గుర్తుపట్టడం మరీ కష్టమేమీ కాదు. పక్కపక్క పలకల మీద చూపు నిలపండి. ఒకే ముడి, అదే వంపుతో, మూడుచోట్ల కనిపిస్తే అది ఫొటో. చెట్టు తనను తాను కాపీ కొట్టుకోదు. గుమ్మం దగ్గరో, నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉన్నచోటో పలక అంచు బయటపడుతుంది. పొరలున్నాయో లేదో అక్కడ తెలిసిపోతుంది. నేనొకసారి ఓ ఇల్లు చూడ్డానికి వెళ్లి వంటగది గుమ్మం దగ్గర మోకాళ్ల మీద వంగి ఈ పనే చేస్తుంటే, చూపించడానికొచ్చిన బ్రోకరు "ఏం పడిపోయిందండీ?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. భవనమూ కొంత చెబుతుంది. మేకులు కొట్టి బిగించే ఒకే చెక్క పలకకు కింద చెక్క పునాది కావాలి. కాంక్రీటు స్లాబు మీద లేచిన ఎత్తయిన టవరులో చాలావరకు ఉండేది ఇంజినీర్డ్ వుడ్డో, అంతకంటే చవకదో.

చవకదైతే నష్టమా? నిజానికి అద్దెకుండేవాళ్లకు వినైల్ మేలని నా అభిప్రాయం. నీళ్లు ఒలికితే తుడిస్తే చాలు, పలక పాడైతే ఆ ఒక్కటీ మార్చొచ్చు. కానీ వినైల్ వేసి హార్డ్‌వుడ్ అద్దె అడిగితే మాత్రం ఒప్పుకోకూడదు.

అసలు చెక్కే అయితే, రోజూ మనం నడిచేది చెక్క మీద కాదు, దానిమీది పూత మీద. పాలియురేథేన్ అనే పారదర్శక ప్లాస్టిక్ పూత బాగున్నంతకాలం చెక్క క్షేమం. అది అరిగిందో లేదో ఒక నీటిచుక్క చెబుతుంది. ఓనరుతో చెప్పి, సింకు ముందు ఒక చుక్క వేయండి. గుండ్రంగా నిలబడితే పూత ఉంది. ఇంకి, చెక్క నల్లబడితే పూత పోయింది, వెంటనే తుడిచేయండి. అలాంటి ఇంట్లో మీరు దిగిన మొదటి నెలలో ఒలికే గ్లాసుడు నీళ్లు మీ పేరు మీద మరకై కూర్చుంటాయి. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తడి, ఇనుము తోడైతే నల్లగా మారుతుంది, కుండీ కింద ఇనుప స్టాండు చాలు. పలకల అంచులు పైకి లేచి మధ్యలో గుంటలా ఉంటే కింద చెమ్మ ఉన్నట్టు. దిగేముందే ఫొటో తీసుకోవాలి. చలికాలంలో పలకల మధ్య సన్నటి సందులు మాత్రం సహజం, గాలిలో తేమ పెరిగితే మూసుకుంటాయి.

అసలు పేచీ ఖాళీ చేసే రోజున వస్తుంది. ఒకే చెక్కతో చేసిన పలకను చిత్రిక పట్టినట్టు పైపైన అరగదీసి మళ్లీ పూత వేయొచ్చు. ఒక్కసారికి పోయేది మిల్లీమీటరు లోపే కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటే ఆ నేల వందేళ్లు బతుకుతుంది. ఇంజినీర్డ్ పలక పైపొర మరీ పల్చనైతే ఒక్కసారి కూడా అరగదీయలేం. వందేళ్ల ఆస్తి ఓనరుది. రెండేళ్లుండి పోయేవాళ్ల దగ్గర మొత్తం నేల అరగదీసే ఖర్చు డిపాజిట్‌లోంచి కోసుకోవడం ఎక్కడి న్యాయం? పూత పదేళ్లు నిలుస్తుందనుకుందాం. ఏడేళ్లు గడిచాక దిగి, తొమ్మిదేళ్లు నిండాక ఖాళీ చేసినవాళ్లు తప్పు చేశారనే అనుకున్నా, వాళ్లు పాడుచేసింది మిగిలిన ఒక్క ఏడాది ఆయుష్షే. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అసలు లెక్కలోకే రాకూడదు.

మొదట చెప్పిన తివాచీ షరతు ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది. చెర్రీ కలప వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుంది, వాల్‌నట్ పాలిపోతుంది. ఒప్పందం ప్రకారం 80 శాతం కప్పి రెండేళ్లుంటే, తివాచీ ఎత్తిన రోజున నేలమీద దాని ఆకారం వేరే రంగులో కనిపిస్తుంది. అడుగున రబ్బరుంటే పూత మీద దాని మరకా పడొచ్చు. షరతు పాటించినందుకే మచ్చ, ఆ మచ్చకు మళ్లీ కోత! దీన్ని నష్టంగా లెక్కించకూడదని ముందే రాయించుకోవాలి. దాంతోపాటు నేలకు చివరిసారి పూత వేసింది ఏ సంవత్సరంలోనో కూడా ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. "అదెందుకండీ?" అని బ్రోకరు అడుగుతాడు. సంవత్సరం తెలిసిన ఓనరైతే చెప్పడానికి అర నిమిషం పట్టదు.