సామరస్యం తప్పనిసరి, ఎస్.ఇ. గారు సైటులో ఉన్నారు

మన దేశంలో వంతెనలు, కాలువలు, నీటి ట్యాంకులు కట్టించే ఒప్పంద పత్రాల్లో సామరస్యానికి ఇచ్చినంత గౌరవం పెళ్లి మంత్రాల్లో కూడా ఇవ్వలేదు. బిల్లు ఆగిపోయిన గుత్తేదారు, కోర్టు బయట తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్ గడప తొక్కే ముందు, బిల్లు ఆపినవారితోనే కూర్చుని రాజీకి ప్రయత్నించి తీరాలి. ఇరుపక్షాలనూ ఒప్పించి రాజీ కుదిర్చే మీడియేషన్‌నూ, తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్‌నూ మన పత్రికలు ఒకే మాటతో సరిపెడతాయి కనుక, మధ్యవర్తిత్వం విఫలమయ్యాకే మధ్యవర్తిత్వానికి వెళ్లాలన్న వాక్యం తెలుగులో మరింత ఉదాత్తంగా వినిపిస్తుంది. కొందరు గుత్తేదారులు ఈ ఏర్పాటును కాలయాపనగా అపార్థం చేసుకుంటున్నందున, దాని ఔన్నత్యాన్ని వివరించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందాల్లోని 25వ క్లాజును, వివాద పరిష్కార కమిటీ వచ్చి చేరిన కాలం నాటి రూపంలో చూడండి. గుత్తేదారు 15 రోజుల్లో సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్.ఇ.) గారికి విన్నవించుకోవాలి, ఆయన నెలలోగా నిర్ణయం చెప్పాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో చీఫ్ ఇంజినీరు గారికి అప్పీలు చేసుకోవాలి, ఆయనకు 30 రోజులు. ఆ పైన 30 రోజుల్లో కమిటీని ఆశ్రయించాలి, కమిటీకి 90 రోజులు. అప్పటికీ బుద్ధి రాకపోతే మరో 30 రోజుల్లో ఆర్బిట్రేటర్‌ను నియమించమని నోటీసు ఇచ్చుకోవచ్చు. అందరూ గడువులు నిండా వాడుకుంటే 240 రోజులు. గుత్తేదారు ఒక్క రోజు ఆలస్యం చేస్తే హక్కు వదులుకున్నాడన్న వాదన సిద్ధంగా ఉంటుంది. అధికారి ఆలస్యం చేస్తే ఫైలు పరిశీలనలో ఉన్నట్టు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు కొట్టేసిన క్లెయిమును ఆయన పైఅధికారి, ఆ పైఅధికారి పైఅధికారి వరుసగా చూస్తారు కనుక, ఇంటిగుట్టు బయటపడే ప్రమాదం కూడా లేదు.

విదేశీయులకు ఈ నిష్ఠ తెలియదు. అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన ఎర్ర అట్ట ఒప్పంద పత్రం, వివాద మండలి నిర్ణయం మీద అసంతృప్తి నోటీసు ఇచ్చాక 56 రోజులు రాజీకి కేటాయించి, అసలు రాజీ ప్రయత్నమే జరగకపోయినా 56వ రోజు నుంచి ఆర్బిట్రేషన్ మొదలుపెట్టుకోవచ్చని నిర్మొహమాటంగా రాసేసింది. క్యాలెండరు చూసుకుంటే చాలట. ఇక సామరస్యానికి విలువేముంది?

మన పద్ధతి అలా కాదు. గుత్తేదారు ఉత్తరం రాస్తాడు; అది తపాలాలో చేరి నంబరు వేయించుకుంటుంది. నెల తర్వాత వెళ్లి అడిగితే "అయ్యగారు సైటుకెళ్లారండీ" అని గుమాస్తా గౌరవంగానే చెబుతాడు. తన సైటులో పని ఆగి ఏడాదైంది కదా, అయ్యగారు ఏ సైటుకు వెళ్లారన్న సందేహం గుత్తేదారుకు రాకూడదు. ఆరు ఉత్తరాల తర్వాత అతను కోర్టుకెక్కితే, శాఖ తరఫు న్యాయవాది లేచి, ఈయన ఒప్పందం ప్రకారం మాతో సామరస్యానికి ప్రయత్నించకుండానే వచ్చేశారని నిజమైన ఆవేదనతో మనవి చేస్తారు. రాయబారిని గుమ్మంలోనే నిలబెట్టి, రాయబారం జరగనేలేదని సభలో ఫిర్యాదు చేయడానికి దుర్యోధనుడికి కూడా తోచలేదు.

ఈ సొగసైన వాదనకు సుప్రీంకోర్టు 1999లోనే అడ్డు తగిలింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వంపై ఎం.కె.షా ఇంజినీర్స్ కేసులో, ఆర్బిట్రేషన్‌కు ముందు మెట్లు ముఖ్యమైనవేనని ఒప్పుకుంటూనే, తన తప్పువల్ల మెట్టు ఎక్కడం కుదరనప్పుడు ఆ తప్పునే అభ్యంతరంగా చూపే హక్కు ఎవరికీ లేదని తేల్చింది. అయినా ఆ వాదన నేటికీ ఆరోగ్యంగా తిరుగుతోంది.

మెట్టెక్కడానికి టికెట్టు పెట్టిన దూరదృష్టినీ కోర్టు అర్థం చేసుకోలేదు. పంజాబ్ నీటి సరఫరా, మురుగునీటి బోర్డు టెండరు షరతుల్లో, ఆర్బిట్రేషన్ కోరేవారు క్లెయిములో 10 శాతం ముందే డిపాజిట్ చేయాలని ఉండేది; గెలిచినా, గెలిచిన నిష్పత్తి మేరకే తిరిగి వస్తుంది, మిగిలింది ఎదుటివారికి. హైదరాబాద్‌కు చెందిన ఐకామ్ టెలి దీన్ని సవాలు చేయగా 2019లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో మరింత నిజాయితీగా, 50 వేల రూపాయలు దాటిన క్లెయిము నేరుగా సివిల్ కోర్టుకే పొమ్మని తన పనుల ఒప్పందాల్లో రాసుకుంది. ఆ మొత్తంతో కల్వర్టుకు తూము కూడా రాదనుకోండి.

ఓర్పుగా కూర్చున్నవారికి మరో బహుమానం ఉంది, కాలపరిమితి చట్టం. క్లెయిముకు గడువు మూడేళ్లు. అదే 2019లో, రాజస్థాన్ విద్యుత్ ఉత్పాదన సంస్థపై జియో మిల్లర్ కేసులో, ఉత్తరాలు రాస్తూ కూర్చున్నంత మాత్రాన గడియారం ఆగదనీ, రాజీ చర్చల కాలాన్ని మినహాయించాలంటే వాటి చరిత్ర మొత్తం రికార్డులో పెట్టి చర్చలు ఎక్కడ తెగాయో చూపాలనీ కోర్టు చెప్పింది. సామరస్యం చూపకపోతే తొందరపడ్డారంటారు, మరీ ఎక్కువ చూపితే గడువు దాటిందంటారు. మధ్యలో ఒక మంచి రోజు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి న్యాయవాది కంటే సిద్ధాంతి నయం.

ఈ బాధలన్నీ గమనించిన కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న ఒక మెమో ఇచ్చింది. ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్‌ను అలవాటుగా పెట్టవద్దనీ, పెడితే సాధారణంగా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే పరిమితం చేయాలనీ, సామరస్య పరిష్కారానికీ మీడియేషన్‌కూ పెద్దపీట వేయాలనీ సూచించింది. అంటే పెద్ద వివాదాలకు మెట్ల చివర ఉన్న గది ఇక ఉండకపోవచ్చు. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మొదటి మెట్టు మీద అయ్యగారి కుర్చీ, కుర్చీకి తువ్వాలు, తువ్వాలు వెనక గోడ మీద సందర్శకుల వేళలు, అయ్యగారు సైటుకెళ్లారు.