చుక్కను పోనివ్వం, రేణువును అసలే పోనివ్వం

ఏటా వానాకాలంలో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే టీవీ తెర అడుగున ఒక శోకవార్త పరుగులు తీయడం మొదలవుతుంది: ఇన్ని లక్షల క్యూసెక్కుల కృష్ణా జలాలు వృథాగా సముద్రం పాలు. ఆ వెంటనే పార్టీ భేదం లేకుండా నాయకులందరూ కండువాలు సర్దుకుని, ఇకపై ఒక్క చుక్కను కూడా కడలి పాలు కానివ్వబోమని ప్రతిజ్ఞ చేస్తారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోరన్న అపవాదు మోస్తున్న ఈ పెద్దలు, ఈ ఒక్క మాటను మాత్రం తు.చ. తప్పకుండా పాటించారని ఒప్పుకోవాలి. 2002-04 నాటి కరువు కాలంలో సముద్రం చేరిన కృష్ణా నీరు దాదాపు లేనట్టే.

నీటి సంగతి అటుంచితే, దానితో పాటు దిగవలసిన ఒండ్రు విషయంలో మనవారి దీక్ష మరింత ఘనమైనది. శ్రీశైలం జలాశయం సామర్థ్యం 308 టీఎంసీల నుంచి సుమారు 215కు, నాగార్జునసాగర్ సామర్థ్యం 408 నుంచి 312కు పడిపోయాయి. ఆ తేడా అంతా పూడికే. చెరువు శిఖం ఆక్రమించినవాడికి నోటీసైనా వస్తుంది. ఈ ఆక్రమణదారుకు మనమే చోటు చూపించి కూర్చోబెట్టాం.

పాపం, ఒక ఒండ్రు రేణువు మహాబలేశ్వరం కొండల్లో బయలుదేరి, ఆల్మట్టి, నారాయణపూర్, జూరాలల కన్నుగప్పి శ్రీశైలం చేరిందనుకుందాం. ప్రవాహం ఆగిపోయింది కనుక అది అడుగుకు దిగిపోతుంది. వరద నీరు పొర్లిపోయే స్పిల్‌వే గట్టేమో సముద్ర మట్టానికి 830 అడుగుల ఎత్తున, దాని తలకు చాలా పైన ఉంటుంది. అయినా మొండిది కనుక, దారి ఇమ్మని అర్జీ పెట్టుకుంటుంది.

"ఎక్కడికి?" అంటాడు గుమాస్తా, తల ఎత్తకుండానే.

"కృష్ణ కడలిలో కలిసే హంసలదీవికండీ. తీరం కట్టే పనుంది."

"టెండరు ఎవరికి వచ్చింది?"

"టెండరేమీ లేదండీ. కొన్ని వేల ఏళ్లుగా మా వాళ్లు ఉచితంగానే కడుతున్నారు. దివిసీమ మేం వేసిన మట్టేనండీ."

"ఉచితంగానా?" గుమాస్తా ఇప్పుడు తల ఎత్తుతాడు. "అంచనాలు లేవు, సవరించిన అంచనాలు లేవు, బిల్లు లేదు. నువ్వు చేసేది పనెలా అవుతుంది? వెళ్లి కింద కూర్చో. తీరం కోతకు గురైందని ఫిర్యాదు వస్తే, కొండను పేల్చి, బండరాళ్లు లారీలకెత్తి, గోడ కట్టిస్తాం. ఆ గోడ కొట్టుకుపోతే మళ్లీ కట్టిస్తాం. పని అంటే అదీ."

రేణువు వెళ్లి కింద కూర్చుంది. బ్యారేజీ దాటిపోయిన దాని బంధువులను, అంటే ఇసుకను, పొక్లెయిన్లు తవ్వి ఎత్తుకుపోయాయి. అటు తుంగభద్రలో పూడిక వల్ల పోయిన నిల్వకు బదులుగా నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టాలని కర్ణాటక ప్రతిపాదించింది. అదీ పూడిపోయాక మూడోది ఎక్కడ కట్టాలో ఇప్పుడే స్థలం చూసిపెట్టుకోవడం మంచిది.

డెల్టా నేల తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఆ లోటును వరద తెచ్చే ఒండ్రే పూడ్చాలి. అది ఆగితే అలలు నేలను కోసుకుంటూ లోపలికి వస్తాయి, మడచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోతాయి. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికి పైగా తగ్గిందనీ, డెల్టా అంచు కోసుకుపోవడానికి ఆనకట్టలే కారణమనీ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లోనే రాశారు. రాసింది చదివే అలవాటు ఉండవలసినవారికి లేదు.

1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని మింగింది ఈ దివిసీమలోనే. మడ అడవి ఉంటే ఉప్పెన జోరు తగ్గుతుందని ప్రతి తుపాను సభలోనూ పాఠం చెబుతారు. ఆ అడవి నిలబడడానికి కాళ్ల కింద మట్టి కావాలన్న సంగతి మాత్రం ఏ నివేదికలోనూ పలకరు. ఇది మరుపు కాదు, తెలిసి చేస్తున్న అన్యాయం. ఆయకట్టుకు ఎకరాల లెక్క ఉంది, కరెంటుకు మెగావాట్ల లెక్క ఉంది, గుత్తేదారుకు బిల్లుల లెక్క ఉంది. దివిసీమలోని నాగాయలంక జాలరి ఇంటి ముందు నేల ఏటా ఎంత పోతుందో ఏ ప్రాజెక్టు ఖర్చు పద్దులో రాశారు? ఆ పద్దు రాయనంతకాలం కృష్ణ మీద ఇంకో గేటు బిగించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.