"మనవాళ్ళు" కట్టలేదండీ బాబూ

థాయ్‌లాండ్ వెళ్ళొచ్చానంటే చాలు, అందరి మొహాల్లో అదో రకం నవ్వు. "ఏంటి, పట్టాయానా?" కాదండీ, బురీరామ్. "అదెక్కడ? బీచ్ ఉందా?" లేదు. థాయ్‌లాండ్ ఈశాన్యం మూల, కనుచూపు మేర వరిచేలు, మధ్యలో చల్లారిపోయిన అగ్నిపర్వతాలు. అలాంటి ఒక కొండ మీద, సుమారు 400 మీటర్ల ఎత్తున, పనోమ్ రుంగ్ అనే పాత శివాలయం.

సరే, దానికి అలవాటుపడ్డాను. ఫొటోలు పెట్టాక వచ్చిన కామెంట్లకే ఒళ్ళు మండింది. "చూశారా, అక్కడా మనవాళ్ళే కట్టారు!" ఎవరండీ మనవాళ్ళు? అది ఖ్మేర్ల గుడి, అంటే కంబోడియా జాతివాళ్ళది. 12వ శతాబ్దంలో ప్రధాన ఆలయం కట్టించింది నరేంద్రాదిత్యుడు, అంగ్కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మకి బంధువు. పేరు సంస్కృతంలో ఉన్నంత మాత్రాన మనకేమీ మేనమామ అయిపోడు. దేవుళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్ళారు, ఒప్పుకుంటా. ఉలి మాత్రం వాళ్ళది. ఆ పల్లెల్లో ఖ్మేర్ మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తూర్పు గుమ్మం ముందు నిలబడి తలెత్తండి. పైన నటరాజు ఆడుతుంటాడు. సరిగ్గా ఆయన కాళ్ళ కింద, ద్వారం మీది అడ్డరాతిలో, విష్ణుమూర్తి హాయిగా పడుకుని ఉంటాడు. పాదాల దగ్గర లక్ష్మి, బొడ్డులోంచి లేచిన తామర మీద బ్రహ్మ. అచ్చం మన ఉండవల్లి స్వామే అనుకుని దగ్గరికెళ్ళానా, పరుపుగా ఉన్నది మన ఆదిశేషుడిలా లేదు, ఏదో డ్రాగన్‌లా అనిపించింది!

ఈ రాయినే 1960లలో దొంగలు ఎత్తుకుపోయారు. తేలిందెక్కడ? షికాగో మ్యూజియంలో. థాయ్ జనం ఊరుకోలేదు, గోల గోల చేసి 1988లో వెనక్కి తెచ్చుకున్నారు. "మాది" అనాలంటే ఆ మాత్రం కష్టపడాలి. మా ఊరి గుళ్ళో శాసనానికి ఏటా సున్నం కొడతారు, అడిగిన నాథుడు లేడు.

అక్కడ పదిహేను గుమ్మాలు ఒకే వరసలో ఉంటాయి. ఏప్రిల్ మొదట్లో పొద్దున్నే సూర్యుడు వాటన్నిట్లోంచీ దూసుకొస్తాడట. నేను వెళ్ళింది డిసెంబరులో, ప్రాప్తం లేదు. కొండ దిగాక మువాంగ్ తామ్ అని ఇంకా పాత గుడి. నాలుగు మూలలా కోనేళ్ళు, గట్టు రాయే పాము ఒళ్ళు, మలుపులో పడగలు. గంటసేపు కూర్చున్నా ఎవరూ రాలేదు.

బస్సులు కొండ దాకా రావు, నాంగ్ రోంగ్ అనే ఊళ్ళో బైక్ మాట్లాడుకున్నాను. తిరుగు దారిలో బైకతను ఠక్కున ఆపి, కోసిన మడివైపు వేలు చూపించాడు. ఎర్రతలల సారస్ కొంగలు, రెండు! ఆ దేశంలో పూర్తిగా మాయమైపోయిన పక్షులని, 2011 నుంచి పెంచి ఇక్కడ వదులుతున్నారు. నేను ఫోన్ తీసేలోపు ఎగిరిపోయాయి. అందుకే ఫొటో లేదు, అడగొద్దు.