సొంతంగా చేసుకోగలవారి పరీక్ష

మేధో వైకల్యం ఉన్న పాతికేళ్ల యువకుడు బ్యాంకులో ఖాతా తెరవబోయినా, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒంటరిగా బస్సెక్కబోయినా, పొరపాటున పెళ్లి మాట ఎత్తినా మన పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘వాడంతట వాడు చేసుకోగలడా?’ ఈ ప్రశ్నలోని న్యాయబుద్ధికి నా నమస్కారం. ఇంత మంచి ప్రశ్నను కొద్దిమందికే కేటాయించి, మిగిలిన జిల్లా ప్రజలకు దక్కకుండా చేయడం అన్యాయమన్నదే నా మనవి.

ప్రశ్నకు శాస్త్రీయమైన రూపం కూడా ఉంది. అమెరికాలోని వైన్‌ల్యాండ్‌లో ఎడ్గార్ డాల్ రూపొందించిన సామాజిక పరిణతి కొలమానాన్ని మన దేశానికి తగినట్లు మార్చుకుని వైకల్య నిర్ధారణలో వాడుతున్నారు. తానే స్నానం చేయగలడా, ఊళ్లో తిరిగి రాగలడా, తన బట్టలు తాను కొనుక్కోగలడా, డబ్బును ముందుచూపుతో వాడగలడా వంటివి అందులోని అంశాలు. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నదని తేలితే, ఎంత సాయం అవసరమో చూసి అందించడం కోసం సదరం ధ్రువపత్రం ఇస్తారు. సాయం సంగతి నిదానంగా చూసుకోవచ్చునని, ముందుగా గేటు వేయడానికి ఆ కాగితం పనికొస్తుందని కనిపెట్టిన ఘనత మాత్రం మనదే.

ఇదే కొలమానాన్ని మాగుంట లేఅవుట్‌లో ఇంటింటికీ తీసుకువెళ్లాలని నా ప్రతిపాదన. పెళ్లయిన నాటి నుంచి చొక్కా రంగును స్వయంగా ఎంచుకోని గృహస్థులు బట్టల అంశంలోనే తప్పుతారు, వారిని మన్నిద్దాం. పక్క చెరువులో రొయ్యకు మంచి కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) వచ్చిందని విని, తెల్లమచ్చ తెగులు మాట తలవకుండా, భార్య నగలు కుదువపెట్టి నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకున్న పెద్దమనిషిని ముందుచూపు అంశంలో ఏ డాక్టరు గట్టెక్కించగలరు? అయినా ఆయనకు సంరక్షకుడిని పెట్టాలని ఎవరూ అనరు. మేతా మందుల సంగతి కన్సల్టెంటు చూస్తాడు, బ్యాంకు ఫారం గుమాస్తా నింపుతాడు, దస్తావేజు లేఖరి రాస్తాడు, ముహూర్తం అయ్యవారు పెడతారు, చివరి మాట బావమరిది చెబుతాడు. ఇందరు కలిసి తీసుకున్నదాన్ని ‘నా నిర్ణయం’ అని చెప్పుకుని మీసం దువ్వుకునే హక్కు ఆయనకు పుట్టుకతో వచ్చింది. అదే ఒక అక్క తన తమ్ముడికి ఫారం చదివి వినిపించి, అర్థం కానిచోట బొమ్మ గీసి చూపించి, ‘నీకేది కావాలబ్బయా?’ అని అడిగి, వాడు వేలు పెట్టి చూపేదాకా ఓపిక పట్టిందనుకోండి. ‘చూశారా, వాడికేమీ తెలియదు, అంతా ఆమే చెబుతోంది’ అని తేల్చేస్తాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ విషయంలో కొంత తొందరపడింది. వీరికి అందరితో సమానంగా ఆస్తి, బ్యాంకు వ్యవహారాల హక్కులున్నాయని 13వ సెక్షన్ అంటుంది. సంరక్షకుడు అవసరమైనా ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమేనని, ఇద్దరూ నమ్మకంతో కలిసి, ఆ వ్యక్తి ఇష్టప్రకారమే నిర్ణయించాలని 14వ సెక్షన్ అంటుంది. న్యాయస్థానం మతిస్థిమితం లేదని ప్రకటిస్తే తప్ప ఓటు కూడా పోదు. (అక్క గుర్తులను వివరించి చెబితే ప్రజాస్వామ్యానికి ముప్పు వస్తుంది గాని, పోలింగుకు ముందు రాత్రి కవరు ఇచ్చి వివరిస్తే రాదు.) చట్టం ఇంత దూకుడు చూపినా మన కౌంటర్లు, కల్యాణ మండపాలు, బంధువర్గం నిగ్రహం కోల్పోకపోవడం ప్రశంసనీయం.

ఇక పరీక్షాధికారులు ఎవరన్నది తేలాలి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకులను నియమించే స్థానిక స్థాయి కమిటీలో కలెక్టరు స్థాయి అధికారితో పాటు వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉండాలి. ఆ పద్ధతినే ఇక్కడా పాటించి, స్టోన్‌హౌస్‌పేటలోనో కావలిలోనో టిఫిన్ సెంటరులో తెల్లవారుజాము నుంచి బల్లలు తుడుస్తూ, ఎవరికి ఎర్రకారం దోసె, ఎవరికి చప్పిడి ఇడ్లీ అన్నది చీటీ అక్కర్లేకుండా గుర్తుంచుకునే యువకుడిని కూర్చోబెట్టాలి. మొదటి అభ్యర్థిగా ఆయన యజమానినే పిలవవచ్చు. ఏళ్ల తరబడి జీతానికి బదులు రెండు పూటలా టిఫినూ పండక్కి ఒక చొక్కా ఇచ్చి, దాన్ని ధర్మం పద్దులో రాసుకుంటున్నాడు గనుక, డబ్బును ముందుచూపుతో వాడటం అనే అంశంలో ఆయనకు పూర్తి మార్కులు వేయక తప్పదు.