హెవీవెయిట్ ర్యాంకుల నిర్ధారణ: ఒక శాస్త్రీయ ప్రతిపాదన

దేశం ముందు తేలని సమస్యలు ఇంకా చాలా ఉన్నాయి గానీ, 1919 నాటి బాక్సింగ్ ఛాంపియన్ జాక్ డెంప్సీని తెచ్చి 1988 నాటి ఛాంపియన్ మైక్ టైసన్ ఎదురుగా నిలబెడితే ఎవరు గెలుస్తారన్నంత అర్జెంటు సమస్య మరొకటి లేదు. డెంప్సీ 1983లో కాలం చేశాడు. ఆ చిన్న ఇబ్బందిని పక్కన పెడితే ఈ పోటీకి అడ్డమేమీ లేదు. రింగు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, కాంట్రాక్టు గొడవలుండవు. కావలసిందల్లా ఇద్దరు మనుషులు, కొంచెం ఖాళీ సమయం, ఒకరి మాట ఒకరు వినకూడదన్న పట్టుదల.

అన్ని కాలాల హెవీవెయిట్ బాక్సర్లనూ ఒకటి నుంచి పది దాకా పేర్చడం ఒక శాస్త్రం. ఈ శాస్త్రంలో మొదటి మెట్టు విజేతను ఎంచుకోవడం. కొలబద్దను ఎంచుకోవడం రెండో మెట్టు. ఈ వరస తప్పితే ప్రమాదం, మనకిష్టమైనవాడు ఏడో స్థానంలోకి జారిపోయే అవకాశం ఉంది.

రాకీ మార్సియానో అభిమానిని చూడండి. ఆయన దృష్టిలో ఓటమే ఎరగని రికార్డు ఒక్కటే ప్రమాణం. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. 1951లో మార్సియానో ఓడించిన జో లూయిస్‌కి అప్పటికే 37 ఏళ్ళు కదా, ఆర్చీ మూర్ అయితే అసలు ఏ సంవత్సరంలో పుట్టాడన్న దాని మీదే రెండు లెక్కలున్నాయి కదా అంటే, రికార్డు రికార్డే అంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నాలుగో కాలు మీడియా సృష్టి.

లూయిస్ అభిమానికి ఈ రికార్డు గోల నచ్చదు. ఎంతకాలం ఏలాడన్నదే ఆయనకి ముఖ్యం. 1937 నుంచి 1949 దాకా, పదకొండేళ్ళ ఎనిమిది నెలలు, ఛాంపియన్ టైటిల్‌ని 25 సార్లు నిలబెట్టుకున్నాడు. లూయిస్ ఎదుటివాళ్ళని అప్పటి అమెరికా పత్రికలు ‘నెలకో పనికిమాలినవాడు’ అని వెక్కిరించాయి. లూయిస్ ముందు ఎవరైనా అలాగే కనిపిస్తారని జవాబొస్తుంది. బాగుంది. మరి వ్లాదిమిర్ క్లిచ్కో కూడా 2006 నుంచి తొమ్మిదిన్నరేళ్ళు ఏలాడుగా? "ఆ రోజుల్లో పోటీ ఎక్కడుంది సార్, అందరూ పనికిమాలినవాళ్ళే!"

మహమ్మద్ అలీ భక్తుల వాదన వీటన్నిటికన్నా గట్టిది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎన్ని గెలిచాడు, ఎన్నేళ్ళు ఏలాడు కాదు, ఎవరిని గెలిచాడో చూడమంటారు. లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్. సరే, చూద్దాం. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో అదే ఫ్రేజియర్‌ని ఫోర్‌మన్ కింగ్‌స్టన్‌లో రెండు రౌండ్లలోపే ఆరుసార్లు కిందపడేశాడు. 1973లోనే కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. మరుసటి ఏడాది ఆ నార్టన్‌ని కూడా ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ముగించాడు. ఈ లెక్కన 1974 అక్టోబరులో కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. ఎనిమిదో రౌండులో నాకౌట్ అయింది ఫోర్‌మన్. ఒకే దశాబ్దంలో, ఒకే రూల్సు కింద, అందరూ బతికుండగా, కెమెరాల ముందు జరిగిన పోటీలే ఒక వరసలో కూర్చోనంటున్నాయి. 1908 నుంచి నేటి వరకు ఉన్న ఛాంపియన్లందరినీ వరసలో కూర్చోబెట్టడానికి మాత్రం మన పండితులకి పావుగంట చాలు.

ఇక్కడే ‘ప్రైమ్’, అంటే బాక్సరు మంచి ఊపులో ఉండే కాలం, అనే మహత్తర సాధనం పనికొస్తుంది. ఓడిన రోజున మనవాడు ప్రైమ్‌లో లేడు, గెలిచిన రోజున ఎదుటివాడు ప్రైమ్‌లోనే ఉన్నాడు. ఈ సాధనాన్ని టైసన్ అభిమానులంత నైపుణ్యంగా వాడినవాళ్ళు లేరు. టైసన్ 1986లో ఇరవయ్యేళ్ళ నాలుగు నెలలకి ఛాంపియన్ అయ్యాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో నాకౌట్ అయ్యాడు. అది లెక్కలోకి రాదు, అప్పటికి ప్రైమ్ అయిపోయింది. అప్పటికి అతని వయసు 23. డిగ్రీ సప్లిమెంటరీలు రాసే వయసులో మనిషి ప్రైమ్ దాటిపోయాడన్నమాట. హోలీఫీల్డ్, లూయిస్ (ఈయన లెనాక్స్) కొట్టినవీ అంతే, రద్దు. ఇలా ఓటములన్నీ కొట్టేసుకుంటూ పోతే మిగిలేది ఓటమి ఎరగని టైసన్. మార్సియానో అభిమాని మాత్రం పాపం ఇంత కష్టపడక్కర్లేదు.

అదే ఫోర్‌మన్ 1994లో మైకేల్ మూరర్‌ని నాకౌట్ చేసి మళ్ళీ ఛాంపియన్ అయినప్పుడు 45 ఏళ్ళవాడు. ప్రైమ్ సిద్ధాంతంలో ఆ సంఘటన ఎక్కడ ఇముడుతుందో పండితులు ఇంకా చెప్పలేదు.

ఇక బరువు. మార్సియానో టైటిల్ పోటీలకి దిగినప్పుడు 84 కిలోలకి కాస్త అటూ ఇటూ ఉండేవాడు, డెంప్సీ కూడా అంతే. ఇప్పుడు 200 పౌండ్లు, అంటే సుమారు 91 కిలోలు దాటితేనే హెవీవెయిట్. అంతకు తక్కువైతే క్రూయిజర్‌వెయిట్, అది 1980 ప్రాంతంలో పుట్టిన తరగతి. అంటే చరిత్రలోని మేటి హెవీవెయిట్లలో కొందరు నేటి రూల్సు ప్రకారం హెవీవెయిట్లే కారు. టైసన్ ఫ్యూరీ (ఈయన వేరే, ఈ తరం బాక్సర్) ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు, 2021లో వైల్డర్ మీద దిగినప్పుడు 125 కిలోలు. ఐదడుగుల పదంగుళాల మార్సియానో అతని గడ్డం అందుకోవాలంటే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. "అదేంటి సార్, 2024లో రియాద్‌లో ఉసిక్ ఫ్యూరీని ఓడించలేదా? చిన్నవాడు పెద్దవాడిని కొట్టగలడని తేలిపోయింది" అంటారు మార్సియానో పక్షంవాళ్ళు. ఆ ‘చిన్నవాడు’ ఉసిక్ ఆరడుగుల మూడంగుళాలు, వంద కిలోలు. ఆ సంగతి ఎవరూ అడగకూడదు, వాళ్ళు చెప్పరు.

మరి ప్రయాణం ఎటువైపు? మార్సియానో ఇటు రావాలా, ఫ్యూరీ అటు వెళ్ళాలా? ఇటు వస్తే ఇప్పటి తిండి, ఇప్పటి జిమ్ము ఇస్తామా? అటు వెళ్తే పన్నెండో రౌండుతో గంట కొట్టరు, పదిహేను ఆడాలి. ఇంకా వెనక్కి, 1889లో జాన్ ఎల్. సలివన్ దగ్గరికి పంపితే, జులై ఎండలో, మిసిసిపీలో, గ్లవ్స్ లేకుండా, రెండు గంటలకు పైగా. సలివన్, అతని ప్రత్యర్థి కిల్రెయిన్ ఆరోజు ఆడింది 75 రౌండ్లు, ఎందుకంటే అప్పట్లో మనిషి కిందపడితేనే రౌండు అయిపోయినట్టు. కుస్తీ పట్టుపట్టి కిందపడేసినా తప్పులేదు.

నిజానికి కాలాలు దాటే యంత్రం కూడా అక్కర్లేదు. 1919లో డెంప్సీ, తనకన్నా చాలా పెద్దవాడైన జెస్ విలర్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టాడు. పడినవాడి నెత్తి మీదే నిలబడి, లేవగానే మళ్ళీ కొట్టాడు. అప్పుడు అది చెల్లింది. 1927లో షికాగోలో జీన్ టన్నీని కూడా అలాగే పడగొట్టి, అలాగే దగ్గర్లో నిలబడ్డాడు. ఈసారి రూలు మారింది, కొట్టినవాడు దూరంగా ఉన్న కార్నర్‌కి వెళ్తేగానీ రెఫరీ లెక్క మొదలుపెట్టడు. డెంప్సీ కదిలేలోగా టన్నీకి నాలుగైదు సెకన్లు అదనంగా దొరికాయి, లేచి చివరికి గెలిచాడు. ఎనిమిదేళ్ళలో, తన సొంత కెరీర్‌లోనే, డెంప్సీ ఒక కాలంలోంచి ఇంకో కాలంలోకి వచ్చి ఓడిపోయాడు. అతన్ని డెబ్బై ఏళ్ళు ముందుకి తెచ్చి ఫలితం చెప్పేవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి.

పెద్దల తీర్పు అడుగుదామా అంటే, నాట్ ఫ్లైషర్‌ని మించిన పెద్ద లేడు. 1922లో ‘ది రింగ్’ పత్రిక స్థాపించిన మనిషి. ఆయన లిస్టులో మొదటి స్థానం జాక్ జాన్సన్‌ది, రెండోది అంతకన్నా ముందు కాలపు ఛాంపియన్ జెఫ్రీస్‌ది. మార్సియానోది పదో స్థానం. అలీకి చోటే లేదు. ఫ్లైషర్ పుట్టింది 1887లో, జాన్సన్ ఛాంపియన్ అయింది 1908లో. తీసివేత మీరే చేసుకోండి. నా ప్రతిపాదన ఏమిటంటే, ఇకనుంచి ప్రతి లిస్టు కిందా లిస్టు రాసినవారి పుట్టిన తేదీ అచ్చువేయాలి.

ఇన్ని కాలాలు అవలీలగా దాటే ఈ శాస్త్రం ఒకే కాలంలో ఉన్నవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎందుకో మూగబోతుంది. శామ్ లాంగ్‌ఫోర్డ్ రెండొందలకు పైగా పోటీలాడాడు. నల్లజాతివాడు కాబట్టి తెల్ల ఛాంపియన్లు టైటిల్ పోటీ ఇవ్వలేదు. నల్లజాతివాడైన జాన్సన్ ఛాంపియన్ అయ్యాకా ఇవ్వలేదు, ఎందుకంటే 1906లో ఒకసారి అతనితో ఆడి చూశాడు. హ్యారీ విల్స్ ఏళ్ళ తరబడి డెంప్సీ కోసం ఎదురుచూశాడు, ఆ పోటీ జరగనే లేదు. 1988 ఒలింపిక్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడిన రిడిక్ బోవి, 1992లో లూయిస్‌తో ఆడమంటే తన ఛాంపియన్ బెల్టు తీసుకెళ్ళి విలేకరుల ముందు చెత్తబుట్టలో వేశాడు. ఈ పోటీలకి యంత్రం అక్కర్లేదు, ఒక సంతకం సరిపోయేది. లాంగ్‌ఫోర్డ్ పేరు చాలా లిస్టుల టాప్ టెన్‌లో ఎందుకు లేదంటే, "టైటిల్ గెలవలేదు కదా" అంటారు. లాజిక్కు తప్పుపట్టలేం.

మనుషుల్ని నమ్మలేం కాబట్టి చివరికి కంప్యూటర్‌ని అడిగారు. 1967లో మయామీకి చెందిన రేడియో నిర్మాత మరే వొరోనర్ పదహారుమంది ఛాంపియన్ల వివరాలు యంత్రానికిచ్చి టోర్నమెంటు నడిపించాడు. మార్సియానో గెలిచాడు. అలీ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. పుట్టకముందే రిటైరైన మనిషి చేతిలో ఓడానని తెలిసి అలీ పది లక్షల డాలర్లకి దావా వేశాడు. రాజీ కుదిరింది. 1969లో అలీ, మార్సియానో ఇద్దరూ కెమెరా ముందు పోటీ నటించారు. మార్సియానో ఒళ్ళు తగ్గించుకుని విగ్గు పెట్టుకొచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీశారు, ఏది వాడతారో ఇద్దరికీ చెప్పలేదు. షూటింగు అయిన కొద్ది వారాలకే మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూస్తే పదమూడో రౌండులో అలీ నాకౌట్. యూరప్‌లో చూపించిన ప్రింటులో అలీ గెలిచాడు.

వందేళ్ళుగా ఈ రంగంలో జరిగిన ఏకైక శాస్త్రీయ పురోగతి ఇదే అని నా అభిప్రాయం. దీన్ని మనం అందిపుచ్చుకోవాలి. ఏరియాల వారీగా క్లైమాక్స్ పెట్టడం మనవాళ్ళకి ఒకరు నేర్పాలా? నైజాం ప్రింటులో అలీ, సీడెడ్‌లో ఫోర్‌మన్ (అక్కడ నాకౌట్ పడాల్సిందే, పాయింట్ల మీద గెలిస్తే ఒప్పుకోరు), ఉత్తరాంధ్రలో జో లూయిస్, కృష్ణా గుంటూరుల్లో ఎవరు గెలిచినా మెజారిటీ ముఖ్యం. టైసన్ 2022లో మన దర్శకుడి సినిమాలో కనిపించాడు గనక అతనికి లోకల్ కోటా కింద అన్ని ఏరియాల్లోనూ టాప్ త్రీ గ్యారంటీ. లారీ హోమ్స్‌ని ఏ డిస్ట్రిబ్యూటరూ అడగలేదు. ఇరవై సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడని చెప్పి చూశాను, అలీని కొట్టినవాడికి మా థియేటర్లలో చోటు లేదన్నారు.