కూవం గట్టు పచ్చబడాలంటే గుడిసెలు తీసేయాలా?

చెన్నైలో తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో, ముఖ్యంగా అపార్టుమెంటు సంఘాల్లో, ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. నగరం గుండా పారే కూవం నది ఒడ్డును గుడిసెలవారు ఆక్రమించి పాడుచేశారనీ, ఆ గుడిసెలు తీసేసి చెట్లు నాటితే నది బాగుపడుతుందనీ, అక్కడివారికి ఉచితంగా పక్కా ఇళ్లు దక్కుతున్నాయనీ, వరద భయం కూడా తప్పుతుంది గనుక నష్టపోయేవారే లేరనీ దాని సారాంశం. చెట్లు కావాలన్న దాంట్లో పేచీ లేదు. మిగతా మాటలే నిలబడవు.

నదిని గుడిసెలవారే పాడుచేశారన్నది మొదటి మాట. ఒడ్డు బస్తీల మురుగు నదిలో కలుస్తున్న మాట నిజమే. అయితే కూవం నల్లబడింది ప్రధానంగా నగరం నలుమూలల నుంచి శుద్ధి కాని మురుగు వాననీటి కాలువల గుండా వచ్చి చేరడం వల్ల. ఆక్రమణ మాటకొస్తే, నగరంలోని మరో జలమార్గమైన బకింగ్‌హామ్ కాలువలోనే స్తంభాలు లేపి ఎమ్మార్టీఎస్ అనే నగర రైలు నడుపుకుంటున్నాం. దాన్ని తొలగించమని ఏ సందేశమూ అడగదు.

ఉచిత ఇల్లు అన్న మాటను తీరిగ్గా చూడాలి. కూవం పునరుద్ధరణ పథకం కింద 14 వేలకు పైగా కుటుంబాలను తరలించాలని నిర్ణయించారు. వారికి చూపించిన చోటు నగరం దక్షిణపు అంచున ఉన్న పెరుంబాక్కం వంటి కాలనీలు. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలోని సత్యవాణి ముత్తు నగర్ వాసులను 2019 డిసెంబరులో, అంటే బడి సంవత్సరం సగంలో ఉండగా, అక్కడికే పంపారు. నాలుగిళ్లలో అంట్లు తోమే ఇల్లాలు నడిచి వెళ్లే పనికి రెండు బస్సులు మారాల్సి వస్తే, ఛార్జీలు పోను చేతికి మిగిలేదెంత? తరాల క్రితం నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చి ఈ నగర వీధులు ఊడ్చినవారిలో మనవాళ్లూ చాలామంది ఉన్నారు. తెల్లవారకముందే డ్యూటీలో ఉండాల్సిన వారికి దూరమంటే ఉద్యోగం పోవడమే. ఇక బస్తీలో అద్దెకున్నవారికి, పేరు జాబితాలోకి ఎక్కకపోతే, ఆ దూరపు ఇల్లు కూడా దక్కదు.

వరద నుంచి రక్షణ అన్న వాదన అన్నిటికంటే బలహీనమైనది. పెరుంబాక్కం, అలాంటిదే మరో పునరావాస కాలనీ సెమ్మంచేరి ఉన్నది పళ్లికరణై చిత్తడినేల పరిసరాల పల్లంలో. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ ప్రాంతం ఒకప్పటి విస్తీర్ణంలో కొద్ది భాగమే మిగిలింది. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో ఆ ప్రాంతాలు నీట మునిగాయి. ఒక నీటివనరును కాపాడే పేరుతో జనాన్ని మరో నీటివనరు ముంగిట దింపామన్నమాట.

వేరే దారి లేదనడమూ సరికాదు. తమిళనాడు మురికివాడల నిర్మూలన బోర్డు 1970లో ఏర్పడిన తొలినాళ్లలో, ఉన్నచోటనే బహుళ అంతస్తుల ఇళ్లు కట్టి అక్కడివారికే ఇచ్చిన సందర్భాలున్నాయి. నిజంగా నది పొంగే మేర నుంచి కదిలించక తప్పని కుటుంబాలకు నాలుగైదు కిలోమీటర్ల లోపే ఇల్లు చూపాలి. అది సిద్ధమయ్యాకే, బడి సంవత్సరం ముగిశాకే తరలించాలి. అద్దెదారులనూ లెక్కలో చేర్చాలి. గట్టు మీద పార్కు వెలిసినప్పుడు మొక్కలకు నీళ్లు పోసే పనీ, గేటు దగ్గర బండి పెట్టుకునే అనుమతీ ముందుగా వారికే దక్కాలి.